వెనక్కి పిలవలేని ఎరుపు

గ్రంథాలయం నుంచి ఇంటికి తెచ్చుకున్న పుస్తకాన్ని గడువులోగా తిరిగి ఇవ్వకపోతే కొన్నాళ్ళకు ఒక కార్డుముక్క వస్తుంది. ఫలానా సంఖ్య గల పుస్తకం మీ వద్ద ఉన్నది, దయచేసి తిరిగి ఇవ్వగలరు అని. ఆ కార్డు రావాలంటే ముందుగా మూడు పనులు జరిగి ఉండాలి. పుస్తకానికొక సంఖ్య వేసి ఉండాలి. తీసుకుపోయినవాడి పేరూ ఊరూ చిట్టాలోకి ఎక్కి ఉండాలి. ఆ చిట్టాను ఎవరో ఒకరు పోగొట్టకుండా దాచి ఉండాలి. మూడింటిలో ఏది లోపించినా ఆ పుస్తకం పోయినట్టే.

ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918లో నెలకొల్పిన సారస్వత నికేతనం మా వేటపాలెంలో ఉన్నది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో అక్కడికి వస్తారు. అయితే ఈ వ్యాసం గ్రంథాలయం గురించి కాదు. అమ్మిన సరుకును అమ్మినవాడే వెనక్కి పిలిపించుకోవడం గురించి. ఇంగ్లీషులో దీనిని రీకాల్ అంటున్నారు. ఆ మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. పని లేనిచోట పదం ఎక్కడినుంచి పుడుతుంది?

నన్ను ఈ ఆలోచనలోకి దింపినది ఒక చిన్న జ్ఞాపకం. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళనుంచి మా ఇంటికి ఒక కొయ్య గిలక వచ్చింది. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండేది. నాలుగు రోజులు నోట్లో పెట్టుకుని చప్పరించేసరికి రంగు వెలిసి, కొయ్య బయటపడింది. నా నాలుక ఎర్రబడిందని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారట. "తాంబూలం వేశాడమ్మా వీడు" అని మా నాయనమ్మ వచ్చినవారందరికీ చూపించేదట. ఆ రంగు ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలవారు లేరు. అమ్మినవాడు తెల్లవారేసరికి గుడారం ఎత్తుకుని మరో తిరునాళ్ళకు వెళ్ళిపోయి ఉంటాడు.

ఆ ఎరుపును పట్టుకుని వెనక్కి నడిస్తే నాకు మూడు ఎరుపులు కనిపించాయి. ఒకటి నూలుది, ఒకటి కారానిది, ఒకటి బొమ్మది. మూడింటికీ మా సీమతోనో మన రాష్ట్రంతోనో సంబంధమున్నది.

* * *

మొదటిది నూలు ఎరుపు. వేటపాలెం నేతగాళ్ళ ఊరు. చీరాల, జాండ్రపేట, దేశాయిపేట, పందిళ్ళపల్లి అన్నీ మగ్గాల చప్పుడు మీద పెరిగిన ఊళ్ళే. మా ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి పోయింది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 2022లో మళ్ళీ బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరు ఎక్కడికీ కదలలేదు, జిల్లాలే మారాయి.

ఈ తీరానికి పరదేశీయులను రప్పించినది అద్దకపు బట్ట. మాకు ఈశాన్యాన ఉన్న నిజాంపట్నాన్ని ఐరోపావారి పాత పత్రాలలో పెటపోలి అన్నారు. డచ్చివారు 1606లోనే అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. 1611లో ఆంగ్లేయుల ఓడ అక్కడికి చేరింది. వారికి కావలసిన బట్టలలోని ఎరుపు చిరివేరునుంచి వచ్చేది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. దాని వేరును తవ్వి, ఎండబెట్టి, దంచి, నూలును నూనెలోనూ కారపు నీళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ నానబెట్టి, ఎండబెట్టి రంగు పట్టించేవారు. వారాల తరబడి సాగే పని అది. చీరాల తేలియా రుమాళ్ళ పేరులోని తైలం ఆ పనికి గుర్తు.

1856లో పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు లండనులో తారునుంచి ఊదారంగు తీశాడు. మరో పన్నెండు పదమూడేళ్ళకు జర్మను రసాయన శాస్త్రజ్ఞులు వేరు ఎరుపులోని అసలు పదార్థమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. 1880లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డు రంగుల వ్యాపారులు మరొక మెట్టు ఎక్కారు. నూలును ముందు నాఫ్తాలు ద్రావణంలో ముంచి, తరువాత వేరొక ద్రావణంలో ముంచితే రంగు నూలుపోగు మీదే పుడుతుంది. వారాల పని గడియలలోకి వచ్చింది. అలా పుట్టే ఎరుపులలో ఒకదానికి పారా రెడ్ అని పేరు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ వస్తుంది.

నాఫ్తాలు రంగులు మన నేత ఊళ్ళకూ వచ్చాయి. అద్దకపు బానలలో మోచేతుల దాకా చేతులు ముంచి చిలపలు తిప్పేవారిని నేను చూశాను. వారి గోళ్ళు ఏనాడూ గోళ్ళ రంగులో ఉండేవి కావు. ఈ కొత్త రంగుల కర్మాగారాలలో పనివారికి మూత్రాశయంలో కంతులు వస్తున్నాయని జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు 1895లోనే ప్రకటించాడు. కొన్ని అజో రంగులు శరీరంలో విరిగి బెంజిడిన్ వంటి పదార్థాలుగా మారతాయని, అవి క్యాన్సరును కలిగిస్తాయని తరువాత తేలింది. చర్మానికి తగిలే వస్త్రాలలో అటువంటి రంగులు ఉండరాదని జర్మనీ ఆజ్ఞ జారీ చేసినది 1994లో. రేన్ చెప్పిన తరువాత తొంభై తొమ్మిదేళ్ళకు!

జర్మనీ తలుపు మూయగానే ఇక్కడి ఎగుమతిదారులకు మెలకువ వచ్చింది. మన ప్రభుత్వం బెంజిడిన్ ఆధారమైన 42 రంగుల నిషేధాన్ని అంతకుముందే, 1993లో, అమలులోకి తెచ్చింది. 1997లో మరో 70 అజో రంగులను నిషేధించింది. మొత్తం 112. మంచిదే. కాని నిషేధించడం వేరు, వెనక్కి పిలవడం వేరు. నిషేధం రేపటి సరుకుకు వర్తిస్తుంది. నిన్న అమ్ముడైపోయి ఏ ఇంటి పెట్టెలోనో మడతపెట్టి ఉన్న చీరకూ, ఏ ఉయ్యాలలోనో పసిబిడ్డకింద పరిచి ఉన్న గుడ్డకూ అది వర్తించదు. ఆ 112 రంగులతో అద్దిన బట్టలు ఏ ఇళ్ళలో ఉన్నాయో ఏ చిట్టాలోనూ లేదు. కనుక వాటిని ఎవరూ పిలవలేదు. ఉతికి ఉతికి వెలిసిపోయేదాకా జనం కట్టుకున్నారు.

* * *

రెండవది కారం ఎరుపు. ఇది గుంటూరు సీమలో పుట్టినవారికి దగ్గర విషయం.

మిరపకాయను రైతు ఎర్రగా పండిస్తాడు. కళ్ళంలో ఆరబోసినప్పుడు ఒక వాన పడినా, మంచు ఎక్కువైనా కొంత కాయ తెల్లబారుతుంది. దానిని తాలుకాయ అంటారు. యార్డులో తాలుకు వచ్చే ధర వేరు, రంగుకాయకు వచ్చే ధర వేరు. నిలవ పెరిగినకొద్దీ మంచి కాయలోనైనా రంగు తరుగుతుంది. శీతల గిడ్డంగులు వచ్చినది అందుకే. రంగుకే ధర కట్టే బజారులో, వెలిసిన కారానికి పైనుంచి రంగు వేయాలనే దుర్బుద్ధి ఎవరికో ఒకరికి పుడుతుంది. అందుకు వాడినది సూడాన్ అనే రంగు. నూనెలకు, మైనాలకు, బూట్ల పాలిష్‌కు వేసే పారిశ్రామికపు రంగు అది. నూనెలో కరుగుతుంది కనుక కారంలో చక్కగా కలిసిపోతుంది.

2003 మే నెలలో ఫ్రాన్సు, భారతదేశం నుంచి వచ్చిన కారపు సరుకులలో సూడాన్-1 ఉన్నదని ఐరోపా సమాజపు హెచ్చరిక వ్యవస్థకు తెలియజేసింది. జూన్ 20న ఐరోపా కమిషన్ అత్యవసర నిర్ణయం చేసింది. ఇకమీదట పరీక్షాపత్రం లేనిదే మిరపకాయగాని, కారంగాని దిగుమతి కారాదు. 2004లో సూడాన్ కుటుంబంలోని మిగతా రంగులను, కూరపొడిని కూడా చేర్చారు.

అసలు కథ 2005లో జరిగింది. ఇంగ్లండునుంచి ఇటలీ చేరిన వూస్టర్ సాస్‌లో సూడాన్-1 ఉన్నట్టు అక్కడి ప్రయోగశాల పట్టుకున్నది. వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆ సాస్‌లో వేసిన కారం 2002లో కొన్నదని తేలింది. ఆ సాస్‌ను ఒక కంపెనీ నుంచి ఎన్నో కంపెనీలు కొని తమ వంటకాలలో కలిపాయి. 2005 ఫిబ్రవరి 18న బ్రిటిష్ ఆహార ప్రమాణాల సంస్థ విడుదల చేసిన తొలి జాబితాలోనే 350కి పైగా సరుకులున్నాయి. కొద్ది వారాలలో జాబితా 500 దాటింది. అంగళ్ళ అరలు ఖాళీ అయ్యాయి. ఇళ్ళలో ఉన్న పొట్లాలను తినవద్దని, తెచ్చి ఇస్తే డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించారు. నష్టం పది కోట్ల పౌండ్లను మించుతుందని అప్పట్లో అంచనా వేశారు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ సాస్ తిన్న ఏ ఒక్కరికైనా కలిగే ముప్పు చాలా స్వల్పమని ఆ సంస్థే చెప్పింది. సూడాన్-1 జంతువులలో కంతులు కలిగించినా, మనుషుల విషయంలో దానిని క్యాన్సరు కారకంగా తేల్చలేదు. అయినా ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అని గీత గీయడానికి ఆధారం లేదు కనుక ఉండనే కూడదన్నారు.

అదే ఏడాది వసంతంలో బ్రిటన్‌లోనే కొన్ని మసాలా పొడులలో ఇంకొక రంగు బయటపడింది. అది పారా రెడ్. నూలుకోసం పుట్టిన ఎరుపు, నూరేళ్ళకు పైబడిన తరువాత మసాలా పొట్లంలో దొరికింది. నాకు ఈ సంగతి చదివినప్పుడు మా ఊరి అద్దకపు బానలు కళ్ళముందు మెదిలాయి. సూడాన్-1కూ పారా రెడ్‌కూ పుట్టుక ఒకటే, రెండూ నాఫ్తాలు బిడ్డలే. చిలపమీద ఉండవలసినది విస్తరిలోకి వచ్చింది.

దీని పర్యవసానం మన దేశంలో ఏమైంది? ఎగుమతి అయ్యే మిరప సరుకుకు సూడాన్ పరీక్షను సుగంధ ద్రవ్యాల బోర్డు తప్పనిసరి చేసింది. తప్పు ఎవరో చేస్తే అనుమానం మాత్రం కాయ మొత్తం మీద పడింది. ఇక ఇంటి సంగతి. మన దేశంలో కల్తీ నిరోధక చట్టం 1954 నాటిది. దాని నియమాలు 1955లో వచ్చాయి. తారునుంచి తీసే రంగులలో అనుమతించినవి ఏవో, అవి ఏయే పదార్థాలలో వేయవచ్చునో వాటిలోనే చెప్పారు. సూడాన్‌కు అందులో చోటు లేదు. అంటే ఫ్రాన్సు హెచ్చరికకంటే ముందే మనకు ఆ రంగు చట్టవిరుద్ధం. చట్టం ఇక్కడ ఉన్నది, పట్టుబడినది అక్కడ.

ఎందుకలా అని ఆలోచిస్తే నాకు తోచిన సమాధానం మళ్ళీ చిట్టాయే. మూడేళ్ళ క్రితం కొన్న కారం ఏ పీపాలోనిది, ఆ పీపా ఏ సాస్‌లోకి పోయింది, ఆ సాస్ ఏ పొట్లంలోకి పోయింది అనే వరుస వారి కాగితాలలో ఉన్నది. గొలుసులో ఒక కొక్కెం పట్టుకుని లాగితే గొలుసంతా వచ్చింది. మన సంతలో గోనెసంచిలోనుంచి తూకానికి కొన్న కారానికి ఏ గొలుసూ లేదు. పావుకిలో పొట్లం కట్టిన కాగితం మీద ఉండేది పాత వార్తలే తప్ప అమ్మినవాడి పేరు కాదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం వెనక్కి పిలిపించే బాధ్యతను వ్యాపారి మీద పెట్టింది. అందుకు పద్ధతిని నిర్దేశించే నిబంధనలు 2017లో వచ్చాయి. అవి పొట్లానికి సంఖ్య ఉన్నచోట పనిచేస్తాయి. గోనెసంచి దగ్గర ఆగిపోతాయి.

* * *

మూడవది బొమ్మ ఎరుపు. మా గిలక దగ్గరకు వచ్చాను.

సీసం కలిసిన రంగులు చవక, కాంతి ఎక్కువ, తొందరగా ఆరతాయి. సిందూరమని మనం పిలిచే ఎరుపులలో ఒకటి సీసపు భస్మమే. పసిపిల్లలు బొమ్మను ముందు నోటితోనే పరిచయం చేసుకుంటారు. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు క్షేమం అనదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇళ్ళకూ బొమ్మలకూ వేసే రంగులలో సీసాన్ని అమెరికా 1978లోనే అరికట్టింది. అయినా 2007 ఆగస్టు 2న మాటెల్ అనే పెద్ద బొమ్మల కంపెనీ, చైనాలో చేయించిన బొమ్మల రంగులో సీసమున్నదని, ఒక్క అమెరికాలోనే సుమారు 9,67,000 బొమ్మలను వెనక్కి పిలిపించింది. ఆ బొమ్మలు చేసిన కర్మాగారపు యజమానులలో ఒకరు ఆ నెలలోనే ఉరివేసుకున్నారు. పెద్ద కంపెనీ క్షమాపణ చెప్పి నిలబడింది. భారం కింది మెట్టుమీద పడింది. వెనక్కి పిలవడాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి మరువకూడదు.

2008లో అమెరికా కొత్త చట్టం చేసింది. రంగులో సీసం పదిలక్షలలో 600 పాళ్ళ వరకు ఉండవచ్చునన్న హద్దు 2009 నుంచి 90కి దిగింది. నాకు అంతకంటె ముఖ్యంగా తోచినది మరొక నియమం. పిల్లల వస్తువు మీద అది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేసినదో తెలిపే చెరగని గుర్తు ఉండాలన్నారు. అదే పుస్తకం మీద వేసే సంఖ్య.

మనం 2009 జనవరిలో చైనా బొమ్మలను ఆరు నెలలపాటు నిషేధించి, మార్చిలోనే పరీక్షాపత్రాల షరతుతో సడలించాము. ఇంటి రంగులలో సీసానికి 90 పాళ్ళ హద్దు 2016లో ప్రకటించగా 2017 నవంబరు నుంచి అమలైంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అప్పటికి మా గిలక వంటివి ఎన్ని తరాల నాలుకలను ఎర్రబరిచాయో!

బొమ్మల ఉత్తర్వు నుంచి నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ మన ఏటికొప్పాకను తలచుకోవాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిణెమీద తిప్పుతూ లక్కకడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రసాయనపు రంగులు ఆ లక్కలోకీ చొరబడ్డాయి. సి.వి. రాజుగారు ఆ ఊరి పనివారితో కలిసి పసుపు, నీలి వంటి చెట్ల రంగులను మళ్ళీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ లభించాయి. వెనక్కి పిలవవలసిన అవసరమే రాని వస్తువును చేయడం అన్నిటికంటె మేలైన మార్గమని ఆ ఊరు చూపించింది.

కాని చేతితో చేసినంత మాత్రాన ప్రతి బొమ్మా క్షేమమైనది కాదు. మా గిలకా చేతితో చేసినదే. ఏటికొప్పాక బొమ్మను నమ్మగలగడం అది చేతిపని కావడంవల్ల కాదు. దాని ఊరు తెలుసు, చేసినవారు తెలుసు, లక్కలో ఏమి వేశారో వారు చెప్పగలరు.

* * *

ఇప్పుడు చట్టానికి లోటు లేదు. 1986 వినియోగదారుల చట్టం ప్రమాదకరమైన సరుకును అమ్మకంనుంచి తొలగించమని ఆజ్ఞాపించే అధికారాన్ని వినియోగదారుల న్యాయస్థానాలకు ఇచ్చింది. ఒకరు ఫిర్యాదు చేయాలి, గెలవాలి. 2019 చట్టం అంతకంటె ముందుకు వెళ్ళి, 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు సరుకును వెనక్కి రప్పించే అధికారమిచ్చింది. 2022 ఆగస్టులో ఆ సంస్థ, నాణ్యతా ప్రమాణాలకు లోబడని 2,265 ప్రెషర్ కుక్కర్లు కొన్నవారికి సంగతి తెలిపి, వాటిని వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించమని అమెజాన్‌ను ఆదేశించింది. ఆ సంఖ్యను చూడండి. రెండువేల చిల్లర అని కాదు, 2,265. అంత ఖచ్చితంగా చెప్పగలగడానికి కారణం ప్రతి కుక్కరూ ఒక చిరునామాకు చేరడమే. అదే కుక్కరును తిరునాళ్ళలోనో సంతలోనో కొన్నవారు ఎందరో ఏ సంస్థా చెప్పలేదు.

ఈ మూడు ఎరుపుల కథలోనూ నాకు కనిపించినది ఇది. హెచ్చరిక పరదేశంలో మోగింది. మన జాగ్రత్త ముందు రేవు దాటే సరుకుకు దక్కింది, ఇంట్లో వాడే సరుకుకు తరువాత వచ్చింది. వచ్చిన తరువాత కూడా పేరూ సంఖ్యా ఉన్న వస్తువునే చేరగలిగింది. పేరు లేని వస్తువును కొనేవారు మనలో అందరికంటె బీదవారు. వారి బిడ్డ నోట్లో ఉన్న బొమ్మకోసం ఏ కార్డుముక్కా బయలుదేరదు. సంత మూసెయ్యాలని నేననను, ఆ చవక వారికి అవసరం. టోకు వర్తకుడి గిడ్డంగి నుంచి సంతకు వచ్చే బస్తామీద, బొమ్మల బుట్టమీద చేసినవారి పేరు, ఊరు, తేదీ ఉంటే చాలు. మా ఊళ్ళో ఒక గ్రంథాలయం నూరేళ్ళకు పైబడి పుస్తకాలకు చేస్తున్న పనే అది, చేయలేనిదేమీ కాదు.

పాఠకమిత్రులకు ఒక మనవి. మీ ఊరి తిరునాళ్ళలో అమ్మే కొయ్యబొమ్మలు ఏ ఊరినుంచి వచ్చేవో, ఎవరు చేసేవారో, ఏ రంగులు వేసేవారో తెలిసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే అడిగి రాసిపెట్టండి. మా గిలక ఏ ఊరిదో చెప్పగల నాయనమ్మ ఇప్పుడు లేదు.